ఆర్.కె. పురం విన్న పరీక్షా నాదాలు

ఏ కబురూ మోయకుండా, ఏ భావమూ పలికించకుండా, ఒక యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో తేల్చుకోవడానికి మాత్రమే పుట్టించే శబ్దాన్ని పరీక్షా నాదం అంటారు. ఆకాశవాణి ఇంజినీర్లూ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి సిబ్బందీ దానిని క్లుప్తంగా ‘టోన్’ అనే పిలిచారు. నేడు ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న గడిలో అంకెలు నింపితే అటువంటి నాదం క్షణంలో తయారవుతుంది కాబట్టి దానికి చరిత్ర ఉన్నదన్న సంగతి సులభంగా మరుగున పడుతుంది. కాని, ఒక నాదాన్ని పుట్టించే శక్తి ఎవరి చేతిలో ఉండేది, అది సరైనదేనని పూచీపడే అధికారం ఎవరికి ఉండేది అన్న రెండు ప్రశ్నలను విడదీసి చూసినప్పుడు, మొదటిది సంస్థల చేతినుంచి ఇళ్లలోకి పూర్తిగా వచ్చేసినా రెండవది ఇప్పటికీ సంస్థల చేతిలోనే నిలిచి ఉన్నదని స్పష్టమవుతుంది.

ఈ పరిణామాన్ని గమనించడానికి దక్షిణ ఢిల్లీలోని ఆర్.కె. పురం, అంటే రామకృష్ణపురం, అనువైన చోటు. మునిర్కా, మొహమ్మద్‌పుర్ గ్రామాల పరిసరాల్లో 1950ల చివరినుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నివాసాలకోసం సెక్టార్లుగా విభజించి కట్టిన ఈ కాలనీలో, ఉద్యోగరీత్యా రాజధానికి వచ్చిన తెలుగు, తమిళ, మలయాళ కుటుంబాలు మొదటినుంచీ చెప్పుకోదగిన సంఖ్యలో స్థిరపడ్డాయి. ఇక్కడ పరీక్షా నాదాలను తయారుచేసిన సంస్థ ఏదీ లేదు. అయితే వాటిని పుట్టించిన ప్రధాన సంస్థలన్నీ దీనికి చుట్టుపక్కలే ఉన్నాయి. ఉత్తరాన పూసా ప్రాంతంలో జాతీయ భౌతిక ప్రయోగశాల, పార్లమెంట్ స్ట్రీట్‌లో ఆకాశవాణి, తూర్పున గ్రేటర్ కైలాశ్‌లో ప్రామాణిక సమయాన్ని ప్రసారం చేసిన రేడియో కేంద్రం, పక్కనే ఉన్న చాణక్యపురిలో 1980లలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలను రూపొందించిన సి-డాట్ సంస్థ పనిచేశాయి. రేడియో, టెలిఫోన్, టెలివిజన్ ఉన్న ఏ క్వార్టరులోనైనా ఈ సంస్థల నాదాలు, ఎవరూ ప్రత్యేకించి ఆలకించకపోయినా, రోజూ వినిపించేవి.

విద్యుత్తు రాకముందు నాదానికి కొలబద్ద లేకపోలేదు. భరతుడి నాట్యశాస్త్రం రెండు వీణలతో చేసే ఒక పరీక్షను వర్ణిస్తుంది. ఒక వీణ తంత్రులను కదపకుండా ఉంచి, రెండవదానిని మెట్టు మెట్టుగా దించుతూ, ఎక్కడెక్కడ స్వరాలు కలుస్తాయో చూసి శ్రుతులను నిర్ధారించే ఆ పద్ధతిలో స్థిరంగా ఉంచిన వీణ చేసిన పని, నేటి పరిభాషలో చెప్పాలంటే, సూచక సంకేతం పనే. అయితే ఆ కొలత సాపేక్షమైనది. షడ్జం ఎంత ఎత్తున ఉండాలో శాస్త్రం చెప్పదు, పాడేవారి గొంతు చెబుతుంది. ఎత్తును వస్తువులోనే బిగించిన సాధనం 1711లో లండన్‌లో జాన్ షోర్ అనే తూర్యవాదకుడు రూపొందించిన శ్రుతిదండం. 19వ శతాబ్దంలో అది ప్రయోగశాలల్లో ప్రవేశించి, సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్కను, అంటే పౌనఃపున్యాన్ని, లోహపు ముక్కలో భద్రపరిచింది. వేడికి ఉక్కు మెత్తబడితే ఆ లెక్క కొద్దిగా తగ్గుతుంది కాబట్టి దండంతోపాటు ఉష్ణోగ్రతను కూడా రాసిపెట్టుకోవలసి వచ్చేది.

లోహం చేసే పనిని వాల్వులు చేయడం మొదలుపెట్టాక పరీక్షా నాదం పరికరాల అంగడిలో సరుకుగా మారింది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థి విలియం హ్యూలెట్, వీన్ వంతెన అనే పాత విద్యుద్వలయాన్ని ఆధారంగా తీసుకొని, అందులో ఒక చిన్న బల్బును అమర్చాడు. నాదం పెచ్చుమీరితే బల్బు తంతువు వేడెక్కి నిరోధం పెరిగేది, నిరోధం పెరగగానే నాదం తిరిగి అదుపులోకి వచ్చేది. ఒక్క సాధారణ బల్బుతో వలయం తనను తాను సరిదిద్దుకోగలగడంవల్ల, అప్పటిదాకా బరువుగానూ ఖరీదుగానూ ఉన్న ఆడియో ఆసిలేటర్ 54 డాలర్ల 40 సెంట్లకే దొరికే పెట్టెగా తయారైంది. హ్యూలెట్, డేవిడ్ ప్యాకార్డ్ కలిసి 1939లో నెలకొల్పిన సంస్థకు తొలి సరుకు అదే. దాని మరో రూపాన్ని వాల్ట్ డిస్నీ సంస్థ ‘ఫాంటాసియా’ చిత్రపు ధ్వని వ్యవస్థకోసం ఎనిమిది కొనుగోలు చేసింది. సాఫ్ట్‌వేర్ వచ్చేవరకు ప్రపంచమంతటా రేడియో స్టూడియోల్లోనూ కళాశాలల ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలల్లోనూ కనిపించిన ఆసిలేటర్లు చాలావరకు ఆ వంశానివే.

ఎంత ఎత్తు నాదాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్న వాదం కూడా అదే ఏడాది ఒక కొలిక్కి వచ్చింది. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం పాశ్చాత్య సంగీతంలోని ‘ఎ’ స్వరానికి సెకనుకు 440 కంపనాలను సిఫారసు చేసింది. 439 కూడా పరిశీలనకు వచ్చినప్పటికీ దానిని యంత్రంతో పుట్టించడం కష్టమైంది. ఎందుకంటే బి.బి.సి. తన ప్రామాణిక నాదాన్ని సెకనుకు పది లక్షల సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం నుంచి రాబట్టేది. ఆ సంఖ్యను వెయ్యితో భాగించి, 11తో గుణించి, 25తో భాగిస్తే 440 వస్తుంది. 439 ప్రధాన సంఖ్య కావడంతో ఇటువంటి చిన్న చిన్న గుణకారాల ద్వారా దాన్ని చేరుకునే దారి లేదు. సంగీతజ్ఞుల చెవిని ఒప్పించవలసిన విషయంలో వలయాల అంకగణితం కూడా ఒక ఓటు వేసిందన్నమాట.

స్ఫటికాన్ని నమ్మాలంటే అది సరిగా కంపిస్తున్నదని ఎవరో ధ్రువీకరించాలి. భారతదేశంలో ఆ బాధ్యత జాతీయ భౌతిక ప్రయోగశాలది. 1947 జనవరి 4న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించిన ఈ సంస్థకు తొలి సంచాలకుడు కె.ఎస్. కృష్ణన్. తూకానికీ పొడవుకూ ప్రమాణాలు కాపాడినట్టే కాలానికి కూడా దేశ ప్రమాణాన్ని కాపాడే ఈ ప్రయోగశాల, 1959లో ‘ఎ.టి.ఎ.’ అనే సంకేతనామంతో గ్రేటర్ కైలాశ్ నుంచి ప్రామాణిక సమయ, పౌనఃపున్య ప్రసారాలను మొదట 10 మెగాహెర్ట్జ్‌పైన ఆరంభించి, తరువాత 5, 15 మెగాహెర్ట్జ్‌లకు విస్తరించింది. షార్ట్‌వేవ్ రేడియోను ఆ స్థానాల్లో నిలిపితే, సెకను సెకనుకూ గడియారపు టిక్కులాంటి శబ్దం వినబడేది. ఆ టిక్కు నిజానికి 1000 హెర్ట్జ్ స్వరపు అయిదు ఆవృత్తాలు, అంటే సెకనులో రెండు వందలవ వంతు మాత్రమే నిలిచే స్వరపు ముక్క. నిమిషం మొదట్లో అదే ముక్క కాస్త సాగేది. ఒకే ప్రసారం సమయాన్నీ పౌనఃపున్యాన్నీ మోయడం యాదృచ్ఛికం కాదు. సెకనులో ఎన్ని కంపనాలన్నదే పౌనఃపున్యం గనుక సెకను తెలిసినవారికి స్వరం తెలిసినట్టే. ఈ సమయానికి తెలుగునాటతో ఉన్న భౌగోళిక సంబంధం కూడా గమనించదగినది: 1906 జనవరి 1 నుంచి అమలైన భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం మీర్జాపూర్ దగ్గరినుంచి దక్షిణంగా వచ్చి కాకినాడ సమీపంలో సముద్రాన్ని చేరుతుంది.

ఎ.టి.ఎ. ప్రసారం ఇంజినీర్లకూ నావికులకూ ఉద్దేశించినది. ఇంటింటికీ చేరినది ఆకాశవాణి. 1936 జనవరి 1న ఢిల్లీ కేంద్రం మొదలైనప్పటినుంచీ స్టూడియో ఒకచోట, ట్రాన్స్‌మిటర్ ఊరి వెలుపల మరొకచోట ఉండడంతో, రెండింటిమధ్య తీగలమీద శబ్దం ఎంత బలంతో బయలుదేరి ఎంత బలంతో చేరుతున్నదో రోజూ కొలవక తప్పేది కాదు. కార్యక్రమాలకు ముందు స్టూడియో వైపునుంచి 1000 హెర్ట్జ్ టోన్ నిర్ణీత స్థాయిలో పంపితే, అవతలివారు మీటరు చూసి లెవెల్ సరిచేసుకునేవారు. ఢిల్లీలో చదివిన తెలుగు వార్తలను హైదరాబాదు, విజయవాడ కేంద్రాలు అందుకొని రిలే చేసిన దశాబ్దాలలో, జోలెపాళెం మంగమ్మ వంటి వార్తాపాఠకుల కంఠం కృష్ణా తీరానికి తేటగా చేరిందంటే, శ్రోతలకు ఎన్నడూ వినిపించని ఆ టోన్‌కు అందులో పాత్ర ఉంది. శ్రోతలు విన్నది వార్తలముందు వచ్చే ‘పిప్’ శబ్దాలను. 1924 ఫిబ్రవరి 5న బి.బి.సి. ప్రవేశపెట్టిన గ్రీనిచ్ సమయ సంకేతపు సంప్రదాయానికి అవి కొనసాగింపు. దూరదర్శన్ వచ్చాక, ప్రసారం లేని వేళల్లో తెరమీది పరీక్షా చిత్రానికి తోడుగా ఎడతెగక మోగిన నాదం మాత్రం దాచిపెట్టని పరీక్షా నాదం. దానిని విసుగుతో తగ్గించినవారే తప్ప వినడానికి టీవీ పెట్టినవారు ఉండరు.

పరీక్షకోసం పుట్టించినది కాకపోయినా, ఢిల్లీ ఇళ్లలో అన్నిటికంటె ఎక్కువగా వినబడిన కృత్రిమ నాదం టెలిఫోనుది. రిసీవర్ ఎత్తగానే వచ్చే ‘డయల్ టోన్’ భారతదేశంలో 400 హెర్ట్జ్ స్వరం. అయితే దాని బలం సెకనుకు 25 సార్లు పెరిగి తగ్గుతూ ఉండటంవల్ల అది నున్నగా కాక గరగరలాడుతూ వినిపించేది. అవతల గంట మోగుతున్నదని తెలిపే నాదం అదే స్వరాన్ని 0.4 సెకను పలికించి, 0.2 సెకను ఆపి, మళ్లీ 0.4 సెకను పలికించి, 2 సెకన్లు మౌనం పాటించేది. లైను ఖాళీ లేదని చెప్పేది వట్టి 400 హెర్ట్జ్, ముప్పావు సెకను పలుకు, ముప్పావు సెకను విరామం. అంకెల ఈ పట్టికను ఎన్నడూ చూడని గృహిణి కూడా అందులోని తేడాలను పొరపాటు లేకుండా చదవగలిగేది; శబ్దానికి ఇంత కట్టుదిట్టమైన వ్యాకరణాన్ని ఇంతమందికి బడి లేకుండా నేర్పిన వ్యవస్థ మరొకటి కనబడదు.

బెంగళూరులోని టెలిఫోన్ పరికరాల కర్మాగారం ఐ.టి.ఐ. తయారుచేసిన స్ట్రోజర్ అనే యాంత్రిక ఎక్స్‌ఛేంజిల కాలంలో ఈ నాదాలను తిరిగే యంత్రాలు పుట్టించేవి. మోటారు తిరిగే వేగం స్వరపు ఎత్తును నిర్ణయించేది కాబట్టి, మోటారు అలసినా వోల్టేజి తగ్గినా డయల్ టోన్ కొద్దిగా కుంగేది. ఈ స్థితిని మార్చినది ఎలక్ట్రానిక్ ఎక్స్‌ఛేంజి. 1984 ఆగస్టులో ఏర్పడిన సి-డాట్, శామ్ పిట్రోడా సారథ్యంలో, ఆర్.కె. పురానికి ఆనుకొని ఉన్న చాణక్యపురిలో అక్బర్ హోటల్‌గా కట్టిన భవనంలో పని ఆరంభించింది. ఆ సంస్థ రూపొందించిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్‌ఛేంజి 1986 జూలైలో కర్ణాటకలోని కిత్తూరులో మొదట మోగింది. అదే కాలంలో నగరాలకు ఫ్రెంచ్ సాంకేతికతతో ఇ-10బి డిజిటల్ ఎక్స్‌ఛేంజిలు వచ్చాయి.

డిజిటల్ ఎక్స్‌ఛేంజిలో శబ్దమంటే సంఖ్యల వరుస. మాటను సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ, అంటే నమూనాను, 256 మెట్లలో ఒకదానికి సర్ది పంపుతారు. అటువంటి యంత్రానికి నాదం పుట్టించడానికి మోటారు అక్కరలేదు, ఆసిలేటర్ కూడా అక్కరలేదు. 400 హెర్ట్జ్ స్వరపు ఒక ఆవృత్తానికి సరిగ్గా 20 నమూనాలు. 25 హెర్ట్జ్ హెచ్చుతగ్గులతో కలిపినా 320 నమూనాల తరువాత వరుస తిరిగి మొదటికి వస్తుంది. ఆ 320 సంఖ్యలను జ్ఞాపకంలో రాసిపెట్టి, ఒకదాని తరువాత ఒకటి అప్పగిస్తూ పోతే డయల్ టోన్ ఎన్నటికీ అలవకుండా మోగుతుంది. సాఫ్ట్‌వేర్‌తో నాదాన్ని సంశ్లేషించడం, అంటే కొలతల పట్టికనుంచి స్వరాన్ని కట్టడం, ఢిల్లీ ఇళ్లలోకి కంప్యూటరుతో రాలేదు. టెలిఫోను తీగ వెంట, ఎవరికీ తెలియకుండా, అంతకుముందే వచ్చేసింది. మీటల ఫోన్లు కూడా కృత్రిమ స్వరాలతోనే పనిచేస్తాయి: 1963లో అమెరికాలో వ్యాపారసేవగా మొదలైన ఆ పద్ధతిలో ప్రతి మీటా రెండు స్వరాలను ఒకేసారి పలుకుతుంది, అయిదో అంకె నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌లు. ఒంటి స్వరం మనిషి గొంతులో యాదృచ్ఛికంగా రావచ్చు గాని ఈ జంటలు రావడం అరుదు గనుక, యంత్రం మాటను మీటగా పొరబడదు.

అంకెల నాదం వెంట ఒక కొత్త చిక్కు కూడా వచ్చింది. సెకనుకు 8000 నమూనాల వ్యవస్థను పాత అలవాటు చొప్పున 1000 హెర్ట్జ్‌తో పరీక్షిస్తే, ఆవృత్తానికి సరిగ్గా ఎనిమిదే నమూనాలు. అవే ఎనిమిది విలువలు అంతులేకుండా తిరిగి తిరిగి వస్తాయి. 256 మెట్ల నిచ్చెనలో ఏవో కొన్ని మెట్లమీదనే అడుగుపెట్టి నిచ్చెనంతా గట్టిగా ఉందని ధ్రువపత్రం రాసినట్టు ఉంటుంది ఆ పరీక్ష. అందువల్ల అంతర్జాతీయ టెలికాం సంఘం పరీక్షా స్వరాన్ని 1020 హెర్ట్జ్‌కు జరిపింది. అప్పుడు 400 నమూనాలు గడిస్తేగాని వరుస పునరావృతం కాదు. సెకనుకు 48000 నమూనాలు తీసే స్టూడియో పరికరాలకు ఆడియో ఇంజినీర్ల సంఘం నిర్దేశించిన స్వరం 997 హెర్ట్జ్. అది ప్రధాన సంఖ్య; ఒక పూర్తి సెకను గడిచి 48000 నమూనాలూ అయ్యేదాకా వరుస మొదటికి రాదు. 1939లో 439ని అనర్హం చేసిన గుణమే ఇక్కడ 997కు అర్హత అయింది. విభజనకు లొంగకపోవడం స్ఫటికాన్ని భాగించే యంత్రానికి దోషం, నమూనాలు లెక్కించే యంత్రానికి సుగుణం.

కంప్యూటరులో నమూనాల వరుసనుంచి స్వరాన్ని సంశ్లేషించిన చరిత్ర 1957లో బెల్ ప్రయోగశాలలో మొదలైంది. మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాంతో ఐ.బి.ఎం. 704 యంత్రం 17 సెకన్ల చిన్న రచనను వినిపించింది. అక్కడినుంచి ఆ విద్య సామాన్యుల బల్లమీదికి రావడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1990లలో డేవిడ్ జాన్‌స్టన్ రాసిన కూల్ ఎడిట్, సోనిక్ ఫౌండ్రీ వారి సౌండ్ ఫోర్జ్ విండోస్ కంప్యూటర్లలో శబ్దాన్ని కత్తిరించి అతికించడాన్ని సాధ్యం చేశాయి. 2003లో మొదటిది అడోబీ చేతికి వెళ్లి ఆడిషన్ అయింది, రెండవది సోనీ వశమైంది. వెల లేకుండా దొరికి ఎక్కువమందికి చేరినది ఆడాసిటీ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మట్సోని, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో చేపట్టి 2000 మే నెలలో విడుదల చేసిన ఈ ఉపకరణంలో ‘జనరేట్’ అనే పట్టీ తెరిస్తే, ఈ వ్యాసంలో ఇంతవరకు చెప్పిన చరిత్రంతా వరుసగా పేర్చి ఉంటుంది: మీటల ఫోను జంట స్వరాలున్నాయి, ఎత్తు మారుతూ జారే స్వరాలున్నాయి, బెల్ ప్రయోగశాలలోనే పనిచేసిన జాఁ-క్లోద్ రిస్సే పేరిట ఒక డోలు చప్పుడు సైతం ఉంది. సాధారణ స్వరాన్ని కోరితే అది ముందుగా సూచించే పౌనఃపున్యం 440. లండన్ సమావేశపు తీర్మానం ఇప్పుడు ఒక గడిలో ఎవరూ ప్రశ్నించని అంకెగా స్థిరపడింది.

ఆ పట్టీలోని ఒక్కో నాదం ఒక్కో జబ్బును పట్టుకుంటుంది. సైన్ తరంగం, అంటే అనుస్వరాలు ఏవీ లేని ఒంటి స్వరం, పరికరంగుండా వెళ్లి వచ్చేటప్పుడు కొత్త అనుస్వరాలను తెచ్చుకుంటే ఆ పరికరం వక్రీకరిస్తున్నదని అర్థం. అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా మోసే రొదను వైట్ నాయిస్ అనీ, ప్రతి అష్టకానికీ శక్తిని సమానంగా పంచే రొదను పింక్ నాయిస్ అనీ అంటారు. గది స్వభావాన్ని చూడటానికి రెండవదే చెవికి దగ్గర. కింది స్వరంనుంచి పై స్వరానికి జారే ‘చర్ప్’ స్పీకరు ఎక్కడ తడబడుతున్నదో చూపిస్తుంది. చతురస్ర తరంగం విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ తానే తప్పు చేయగలదు. 5000 హెర్ట్జ్ చతురస్ర తరంగానికి 15000, 25000, 35000 ఇలా బేసి అనుస్వరాలుంటాయి. సెకనుకు 44100 నమూనాల వ్యవస్థ 22050కి పైనున్నవాటిని మోయలేక వెనక్కు మడుస్తుంది, దానివల్ల 25000 కాస్తా 19100గానూ 35000 కాస్తా 9100గానూ వినబడతాయి. అసలు స్వరంతో ఏ సంబంధమూ లేని ఈ దొంగ స్వరాలను ‘ఏలియాస్’లంటారు. అందుకే ఆడాసిటీ చతురస్ర తరంగాన్ని రెండు రకాలుగా, దొంగ స్వరాలతోనూ అవి లేకుండానూ, విడివిడిగా ఇస్తుంది. హ్యూలెట్ పెట్టెకు ఈ రోగం లేదు. దానికి బల్బు చాలింది.

సాఫ్ట్‌వేర్ రాసిన 1000 హెర్ట్జ్ కాగితంమీద నిష్కళంకమైనది. కాని అది శబ్దమయ్యేది సౌండ్‌కార్డులోని స్ఫటికం నమూనాలను ఒక్కొక్కటిగా విడిచిపెట్టినప్పుడు. ఆ స్ఫటికం పది లక్షలకు 50 పాళ్లు వేగంగా ఉంటే 1000 కాస్తా 1000.05 అవుతుంది. చెవికి అది అందదు గాని, అదే లోపం గడియారంలో రోజుకు నాలుగు సెకన్లకు పైగా తేడా తెస్తుంది. బలం సంగతి ఇంకా కష్టం. డిజిటల్ గరిష్ఠానికి 20 డెసిబెళ్లు కిందనో 18 డెసిబెళ్లు కిందనో టోన్ ఉంచాలని ప్రసార సంస్థలు నియమాలు చేసుకున్నాయి గాని, ఆ సంఖ్య గాలిలో ఎంత ఒత్తిడిగా మారుతుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. వినికిడి పరీక్షలో 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు వినిపించే స్వరాలను ఇంట్లో కంప్యూటరుతో తయారుచేయవచ్చు; అంతమాత్రాన అది ఆడియోమీటర్ కాదు, ఆ స్వరాలను వినిపించే హెడ్‌ఫోన్‌ను ప్రామాణిక మైక్రోఫోన్‌తో సరిచూసి ఉండాలి. ఆ మైక్రోఫోన్ వంశావళి వెనక్కు వెళ్తే, సెకను వంశావళి లాగే, పూసాలోని ప్రయోగశాల వద్దకే చేరుతుంది.

సంగీతం ఈ పూచీలను పట్టించుకోలేదు, అది సబబే. ఆర్.కె. పురం సెక్టార్ 7లోని మలై మందిరం వంటి ఆలయాల కచేరీలకు అలవాటైన ఎలక్ట్రానిక్ తంబురాను 1979లో బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజినీరు రూపొందించాడు. ఆయన స్వయంగా వేణువు విద్వాంసుడు. దానికి 440తో పనిలేదు. అయిదున్నర శ్రుతి కావాలన్నవారికి అయిదున్నర, ఒకటిన్నర అన్నవారికి ఒకటిన్నర, ఆ రెండింటికీ నడుమ గొంతు కోరిన చోటును మీట తిప్పి నిలుపుకోవచ్చు. భరతుడి స్థిరవీణ పనిని అది చేస్తుంది, కాకపోతే తంత్రి సడలదు.

సెల్‌ఫోనుకు డయల్ టోన్ లేదు గనుక ఇరవై ఏళ్లలోపువారికి ఆ గరగర తెలియదు. నాటి ఢిల్లీని చూపే నాటకానికో చిత్రానికో ఆ శబ్దం కావలసివస్తే, డిజిటల్ ఎక్స్‌ఛేంజి నాదాన్ని సాఫ్ట్‌వేర్‌లో తిరిగి కట్టడం నిమిషం పని: 400 హెర్ట్జ్ సైన్ తరంగం, దానిమీద 25 హెర్ట్జ్ హెచ్చుతగ్గులు, సెకనుకు 8000 నమూనాలు, వచ్చేది దాదాపు అచ్చం అసలుదే. స్ట్రోజర్ యంత్రపు నాదం విషయంలో అలా కుదరదు. నియమావళిలో 400 అని ఉన్నా, ఫలానా ఎక్స్‌ఛేంజి మోటారు ఫలానా మే నెల మధ్యాహ్నం ఎంత వేగంతో తిరిగిందో ఏ పట్టికలోనూ లేదు. ఎవరైనా ఆనాడు టేపుమీద పట్టి ఉంచితే తప్ప అది దొరకదు, ఆ టేపు యంత్రం కూడా సరైన వేగంతోనే తిరిగిందో లేదో తేల్చుకోవడానికి టేపు మొదట్లో ఒక పరీక్షా నాదం ఉండి తీరాలి.